కొస మడికి తొలి తడి

బక్కయ్య మా గల్లీల దిగిన రోజు నాకు మంచిగ యాది ఉన్నది. షాజహాన్ బీ ఇంటి ముంగట డీసీఎం బండి ఆగింది. రెండు మంచాలు, బియ్యం డబ్బా, ఇత్తడి గంగాళం, చెద్దరుల చుట్టిన టీవీ ఒక్కొక్కటే దించుతుండ్రు. ఆయన మాత్రం ఆ సామాను దిక్కు చూడకుండ, డ్రైవర్ పక్క సీట్లకెళ్లి ఒక పార తీసుకొని దిగిండు. చేతులు రాసుకొని రాసుకొని ఆ పార కర్ర నల్లగ, నున్నగ మెరుస్తుండె.

మాది బట్టి గల్లీ. మెదక్ ఖిల్లా దిక్కుకెళ్లి వాగు దిక్కు జారినట్టు ఉంటది. కింది కొసకెళ్లి మీది కొస దాక సిమెంటు రోడ్డే. షాజహాన్ బీ ఇంటికి ఎదురుంగ నాది జిరాక్స్ దుకాణం. పొద్దుగాల షట్టర్ లేపితే మాపటి దాక గల్లీ అంత నా కండ్ల ముంగటనే నడుస్తది. అందుకే నేనే ముందుగాల పలకరించిన.

"పెద్దమనిషీ, గీ సిమెంటుల పారతోని ఏం తవ్వుతవ్?"

"తవ్వెటందుకు గాదు బిడ్డా. చేతుల ఏం లేకుంటే నాకు నడవరాదు" అన్నడు.

ఆయనది ఎర్రమడుగు. ఇప్పుడు ఫోన్ల మ్యాప్ తీసి వెతికితే ఆ ఊరు ఉన్న కాడ నీలం రంగే కనపడుతది. ప్రాజెక్టు కట్టిండ్రు, ఊరు మునిగింది. కొందరు సర్కారు కట్టిచ్చిన కాలనీకి పోయిండ్రు, కొందరు పట్నం పోయిండ్రు. బక్కయ్య బిడ్డ సుగుణ మెదక్‌ల ఒక దవాఖానల ఆయమ్మగ పని చేస్తది. రెండే అర్రల ఇల్లు ఆమెది. అందుకే ఆమె తన ఇంటికి దగ్గర్లనే మా గల్లీల, షాజహాన్ బీ ఇంటి ముంగటి అర్ర తల్లిదండ్రులకు కిరాయికి మాట్లాడింది.

ఎర్రమడుగు చెరువుకు బక్కయ్య నీరటి. నీరటి అంటే ఇప్పటి పిల్లలకు ఎరుక లేదు గనుక చెప్తున్న. చెరువు తూము తెరిచి మూసేటోడు. ఎవరి మడికి ఎంత సేపు నీళ్లు పారాల్నో చూసేటోడు. వానకాలం కట్ట మీద ఎలుక బొక్క కనపడితే ఊరు లేవకముందే పూడ్చేటోడు. తాత చేసిండు, నాయన చేసిండు, తర్వాత నలభై ఏండ్లు ఈయన చేసిండు. ఆ చెరువు కింద నాలుగు వందల ఎకరాలు పారేది. ఏ మడికి దాహం ఎక్కువ, ఏ మడి నీళ్లు నిలుపుకుంటది, ఏ మడోడు దొంగతనంగ గండి కొడుతడు, అన్నీ ఆయనకు ఎరుక. ఇంట్ల పెండ్లి ఉన్నా సరే, పెయ్యి కాలుతున్నా సరే, పొద్దు పొడవకముందు తూము కాడికి పోకుండ ఒక్క రోజు దాటలే.

"ఇన్నేండ్లు నీళ్లను మేము పంపినం. ఆఖరుకు నీళ్లే మమ్ములను పంపినయి" అనేటోడు నవ్వుకుంట. ఆ నవ్వుల కోపం ఉండకపోయేది. గని ఆ మాట అన్నంక పార కర్రను చేత్తోని రాసుకునేటోడు.

ఆయన భార్య దుర్గవ్వ వారం రోజులల్ల గల్లీ మనిషైపోయింది. చిన్నప్పటి నుంచి ఆమెకు బీడీలు చేసే అలవాటు. షాజహాన్ బీ గూడ బీడీలు చేస్తది. ఇద్దరు అరుగు మీద చాటలు ఒళ్లె పెట్టుకొని కూసుంటే, ఆకు చుట్టే చేతులు ఒక దిక్కు, ముచ్చట్లు ఒక దిక్కు. ఏ ఇంట్ల ఏం కూరనో, ఎవరి కోడలికి ఎన్నో నెలనో పగటాల్లకు దుర్గవ్వకు అంతా తెలిసేది. ఎర్రమడుగుల ఉన్నప్పుడు గూడ ఇంత నవ్వలేదని ఆమెనే అనేది.

బక్కయ్యకే కష్టమొచ్చింది. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరికింది గని, ఆయనకు పొద్దు పోతలేదు. నాలుగున్నరకు మెలకువ వచ్చేది. పార భుజాన పెట్టుకొని ఖిల్లా మెట్ల దాక పోయి, వాగు దిక్కు తిరిగి, చర్చి గేటు ముంగటికెళ్లి వచ్చేటోడు. అయినా ఆరు గాకపోయేది. తర్వాత రోజంత ఏం చెయ్యాలె? గల్లీల మంచిగున్నవాటినే మరమ్మత్తు చేసుడు షురూ చేసిండు. వంగని దండెం సరిచేసిండు. కరెంటు స్తంభం చుట్టు మట్టి తవ్వి, మళ్ల అదే మట్టి కప్పి తొక్కిండు.

"ఏమయ్యో, గా స్తంభం నీకేమన్నదయ్యా?" అని దుర్గవ్వ మొత్తుకుంటే గల్లీ అంత నవ్వింది.

సుగుణ నాయన మీద ఫికర్‌తోని ఒక ఫంక్షన్ హాల్ల వాచ్‌మన్ పని మాట్లాడింది. తొమ్మిదో రోజు వాళ్లిచ్చిన వాచ్‌మన్ అంగీ మడతపెట్టి వాపస్ ఇచ్చి వచ్చిండు. నా దుకాణంల కూసొని చెప్పిండు:

"కుర్చీల కూసోమన్నరు, కూసున్న. కారు వస్తే లేవమన్నరు, లేసిన. గంతే బిడ్డా. నేను గేటును కాస్తున్ననా, కుర్చీ నన్ను కాస్తుందా సమజ్ గాలే."

ఆ తర్వాత మాట తగ్గింది. తిండి తగ్గింది. సుగుణ దవాఖానకు తీసుకపోయింది. అన్ని పరీక్షలు చేసిండ్రు. బీపీ లేదు, షుగర్ లేదు. డాక్టరమ్మ మంచిగనే అడిగిందంట, "ఏం పని చేస్తవ్ తాతా?" అని.

"చెరువు చూస్తనమ్మా."

"ఏ చెరువు?"

నాయన నేల దిక్కు చూసుకుంట లేసి బయటికి వచ్చిండని సుగుణ చెప్పుకుంట ఏడ్చింది. నాకు గూడ మనసు పట్టలే. గని ఏం చెయ్యాల్నో ఎవరికి తెలుస్తది? చెరువును ఎవరు తెచ్చిస్తరు?

ఇగ మా గల్లీ నీళ్ల ముచ్చట చెప్పాలె. మాకు ఏడాది పొడుగున దినం తప్పి దినం, పొద్దుగాల ఆరు గంటలకు నల్లా వస్తది. నలభై నిమిషాలు ఉంటది. ఇరవై ఆరు ఇండ్లు. పైపు ఖిల్లా దిక్కుకెళ్లి కిందికి వస్తది. మీది ఇండ్లళ్ల మోటర్లు ఉన్నయి. నల్లా రాంగనే వాళ్లు మోటర్లు వేస్తరు, నీళ్లన్నీ గుంజుకుంటరు. కింది కొసకు ఉన్న షాజహాన్ బీ నల్లాకు గాలి వస్తది, గుర్రుమని సప్పుడొస్తది, ఆఖరుకు సన్నటి దార. దాని కింద బిందె పెట్టి ఆమె తిట్లు మొదలుపెడుతది. తెలుగుల మొదలైన తిట్లు ఉర్దూలకు మారినయంటే ఆ రోజు నీళ్లు అస్సలు రాలేదని లెక్క.

ఆ ఏడు చైత్రంల ఒక పొద్దుగాల లొల్లి మస్తు పెద్దగైంది. షాజహాన్ బీ ఖాళీ బిందె పట్టుకొని మీది దాక పోయింది. నడుమ ఇంటి అంబ్రీన్, ఆమె ఎనుక ఇంకో నలుగురు ఆడోళ్లు. మీది ఇండ్లోళ్లు గేట్ల కాడ నిలవడ్డరు. "మీ మోటరు", "మీ సంపు", "మీ నోరు" అనుకుంట గల్లీ దద్దరిల్లుతుంది. బక్కయ్య అరుగు మీద కూసొని ఇదంత చూస్తుండు. చూసి చూసి నవ్వుడు మొదలుపెట్టిండు. చిన్న నవ్వు గాదు, కండ్లళ్ల నీళ్లొచ్చే నవ్వు. ఎన్నో నెలలకు ఆ నవ్వు చూసి దుర్గవ్వ భయపడ్డది.

"ఏమయ్యో! ఏమైంది నీకు?"

"మన ఊరే గదనే గిది!" అన్నడు. "పై మడోడు మునిగేటట్టు పారించుకునుడు, కొస మడోడు నాలుక తడుపుకునుడు. అదే లొల్లి, అవే తిట్లు. మనుషులే మారిండ్రు."

మళ్ల నల్లా వచ్చే రోజు ఐదున్నరకే తయారైండు. మా దిక్కు నీళ్లు ఇడిసే లైన్‌మన్ రంజిత్ బండి మీద వచ్చిండు. ముప్పై ఏండ్లోడు. పదకొండు గల్లీలు ఒక్కడే తిరుగుతడు కాబట్టి ఎప్పుడూ ఉరుకుతుంటడు. టీ అక్షరం లెక్క ఉండే ఇనుప తాళంచెవి గల్లీ మొదట్ల ఉన్న గుంతల పెట్టి తిప్పితే వాల్వు తెరుసుకుంటది. బక్కయ్య పోయి పక్కకు కూసున్నడు.

"గిది ఎన్ని సుట్లు తిప్పుతవ్ బిడ్డా?"

"తాతా, జర జరుగు. గిది చెరువు తూము గాదు, ప్రెషర్ పైపు."

"పైపు అయితేంది? అండ్ల పొయ్యేటివి నీళ్లే గద."

రంజిత్ బండి తీసిండు. బక్కయ్య ఊకుంటడా? పక్క గల్లీకి నడిచి పోయిండు. అక్కడ గూడ గుంత పక్కకు కూసున్నడు. పదిహేను దినాలు గట్లనే వెంటపడ్డడు. బండి ముందుపోతే ఈయన అడ్డదారుల పోయి ముందుగాలనే కనపడేటోడు. ఆఖరుకు రంజితే నవ్వి, "ఇగ ఎక్కు తాతా, ఎనుక కూసో" అన్నడు.

ఆ తిరుగుడులనే ఒక సంగతి పట్టుకున్నడు. మా గల్లీ నడుమ, సిమెంటు అయిపోయి గోడ మొదలయ్యే కాడ జానెడు మట్టి జాగ ఉంటది. ఎండలకు ఊరంత ఎండిపోతే అక్కడ మాత్రం గరిక పచ్చగ ఉన్నది. దాని నడుమ ఒక కప్ప. మేము రోజు దాటుకుంట పోయినం, ఎవరం చూడలే. ఈయన వంగి, మట్టి పిడికిట్ల పట్టి పిసికి చూసిండు.

"కింద పైపు కారుతుంది" అన్నడు.

"ఎట్ల తెలుసు?" అని నేనన్న.

"చైత్రంల కప్ప ఊకె కూసుంటదా బిడ్డా? కట్ట కింద గిట్ల పచ్చగ కనపడితే మేము నిద్రపోకపోయేది."

రంజిత్‌కు చెప్పిండు. రంజిత్ రెండు రోజులాగు అన్నడు. ఈయనకు ఆగ చాతగాలే. మర్నాడు పొద్దుగాల నల్లా ఇడువంగనే పార తీసుకొని తవ్వుడు మొదలుపెట్టిండు. "రోడ్డు తవ్వుతుండు, రోడ్డు తవ్వుతుండు" అని మీది ఇంటి కెళ్లి ఎవరో మొత్తుకున్నరు. రెండు అడుగులు పోంగనే పైపు అతుకు కాడ నీళ్లు బుసబుస కొడుతున్నయి. ఎన్ని నెలల నుంచి గట్ల పోతున్నయో! నేను ఫోన్ చేస్తే రంజిత్ ఉరికొచ్చిండు. గుంతల చూసిండు, బక్కయ్య మొఖం చూసిండు. మనుషులను పిలిపించి మాపటాల్లకు అతుకు కొత్తది వేయించిండు. మళ్ల నల్లా వచ్చిననాడు షాజహాన్ బీకి రెండు బిందెలు ఎక్కువ నిండినయి. ఆమె గల్లీ నడుమ నిలవడి, "బక్కన్నా! నువ్వు మా ఇంటికి కిరాయికొచ్చినవనుకున్న. అల్లా పంపిన బర్కత్ వచ్చిందనుకోలే!" అని అరిచింది.

ఆ రోజు కెళ్లి రంజిత్ ఆయనను నీరటి తాత అనుడు మొదలుపెట్టిండు. బక్కయ్య నడక మారింది. గని ఉషారు ఎక్కువై ఒక తప్పు గూడ చేసిండు, అది చెప్పకుంటే ముచ్చట పూర్తి గాదు. కాలువల పై మళ్లకు అడ్డం కడితే నీళ్లు నిమ్మళంగ కిందికి పోతయి గద, పైపుల గూడ గంతే అనుకున్నడు. ఒక రోజు మీది ఇండ్లోళ్లలో కొందరిని బతిలాడి నల్లాలు బంద్ చేయించి, వాల్వు తాను తిప్పుతనని రంజిత్ తాన తాళంచెవి తీసుకొని, ఒక్కసారే పూరా తిప్పిండు. కింద షాజహాన్ బీ పాత నల్లా ఫట్‌మని ఊడి గోడకు తగిలింది. నీళ్లు నిలువు మనిషి ఎత్తు లేసినయి. బీడీ ఆకు నానింది, దుర్గవ్వ నానింది, పక్క ఇంటి మేక నానింది. షాజహాన్ బీ కొంగుతోని నల్లా నోరు మూస్తనని పోయి తల నుంచి కాళ్ల దాక తడిసింది.

"నీళ్లు కావాలె అన్న గని, తానం చేపియ్యమన్ననా బక్కన్నా!"

గల్లీ అంత కడుపులు పట్టుకొని నవ్వింది. బక్కయ్య ఒక్కడే నవ్వలే. నా దుకాణం మెట్టు మీద కూసొని, "కాలువల నీళ్లు నడుస్తయి. పైపుల నీళ్లు గింజుకుంటయి. గిది నాకు ఎరుక లేకపాయె" అన్నడు. రంజిత్ వచ్చి పక్కకు కూసున్నడు. కొత్త నల్లా తెచ్చి బిగించిండు. ఎన్ని సుట్లకు ఎంత జోరుంటదో, నిమ్మళంగ ఎట్ల ఇడవాల్నో చూపిచ్చిండు. అరవై ఆరేండ్ల మనిషి బుద్ధిగ విన్నడు. మూడు దినాలల్ల వాల్వు ఆయన చేతి మాట వినుడు మొదలుపెట్టింది.

ఇగ మిగిలింది అసలు పని. బక్కయ్య చెప్పింది సీదా మాట: ముందు పదిహేను నిమిషాలు కింది ఇండ్లు పట్టుకోవాలె, తర్వాత నడుమ ఇండ్లు, ఆఖరుకు మీది ఇండ్లు. అప్పటి దాక మోటర్లు బంద్. కింద, నడుమ ఉన్నోళ్లం సరే అన్నం. మీద అమరేందర్ పటేల్ ఒప్పుకుంటేనే మిగిలినోళ్లు ఒప్పుకుంటరు. అమరేందర్ కుటుంబం శంకరంపేట దిక్కు పెద్ద వ్యవసాయదారులు. ఇప్పుడు ఇక్కడ ప్లాట్ల వ్యాపారం. వచ్చే ఎలక్షన్ల మా వార్డుకెళ్లి నిలబడాలని ఆశ గూడ ఉన్నది.

బక్కయ్య, షాజహాన్ బీ, నేను ముగ్గురం పోయినం. అమరేందర్ మర్యాదగనే కుర్చీలు వేయించిండు, చాయ్ తెప్పిచ్చిండు. మాట మాత్రం పడనియ్యలే.

"చూడు పెద్దమనిషీ. మా ఇల్లు మీద ఉన్నది, నీళ్లు ముందుగాల మాకు తగులుతయి. ఈ ఎత్తు నేను పెట్టింది గాదు గద, దేవుడు పెట్టిండు."

"ఎత్తు దేవుడు పెట్టిండు పటేలా, మోటరు దేవుడు పెట్టలే" అన్నది షాజహాన్ బీ. నాకు చాయ్ ముక్కులకు పోయింది.

లోపల వరండాల ఒక ముసలామె చింతపండు గింజలు తీసుకుంట కూసున్నది. అమరేందర్ తల్లి లలితమ్మ. ఆమె చెయ్యి ఆపి నన్ను అడిగింది:

"ఇంద్రకరణ్, ఎవరాయన? నీరటి అంటున్నరు?"

నేను చెప్పేలోపలనే బక్కయ్య లేసి నిలవడ్డడు. "నేనేనమ్మా. ఎర్రమడుగు నీరటి బక్కయ్యను."

"ఎర్రమడుగా? మునిగింది గద పాపం. ఎన్ని ఎకరాలు పారేది నీ చెరువు కింద?"

"నాలుగు వందలమ్మా. కరువొచ్చిననాడు నూటఇరవై."

"కరువు నాడు ఎట్ల పంచేటోనివి?"

"కొస మడికి తొలి తడి అమ్మా. మా తాత కాలం నుంచి గదే."

లలితమ్మ గింజల చాట పక్కకు పెట్టింది. కొడుకు దిక్కు తిరిగింది. "ఇన్నవా? మా నాయన ఎంత పెద్ద పటేలో నీకు ఎరుకనే. కరువు నాడు మా నీరటి వచ్చి మా మడి కాలువ కట్టేస్తే నోరు తెరవలే. నేను చిన్నపిల్లను, ఎందుకు ఊకున్నవ్ నాయినా అని అడిగిన. మీది మడికి ఎట్లయినా జర నీళ్లు అందుతయి బిడ్డా, కొస మడి ఎండిందంటే వాడు ఊరు ఇడిసి పోతడు, మనుషులు పోతే మన మడిల నాటేసేటోళ్లెవ్వరు అన్నడు."

"అమ్మా, ఆ కాలం వేరే. నీకు తెల్వదు..."

"నాకు తెల్వదా? నువ్వు పుట్టకముందే మోకాలు దాక బురదల దిగిన నేను."

ఆమె గోడ పట్టుకొని లేసి, మెల్లమెల్లగ నడుచుకుంట పోయి, మోటరు ప్లగ్గు గుంజి చేతుల పట్టుకొని వచ్చింది. తెచ్చి చింతపండు చాటల పెట్టుకొని కూసున్నది. అమరేందర్‌కు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో ఆయనకే సమజ్ గాలే.

"సరే. ఒక్క నెల చూద్దాం. మాకు నీళ్లు తక్కువైతే నువ్వే జవాబు చెప్పాలె."

"నేనే చెప్తా పటేలా" అన్నడు బక్కయ్య. "నలభై ఏండ్లు నేనే చెప్పిన."

తెల్లారి నల్లా రోజు. గల్లీ అంత గేట్ల కాడనే ఉన్నది, పెండ్లి ఊరేగింపు చూసేతందుకు నిలవడ్డట్టు. మీద వాల్వు కాడ రంజిత్, కింద కొసకు బక్కయ్య. ఆరు గొట్టింది. షాజహాన్ బీ నల్లా ముందు దగ్గింది, తర్వాత గుర్రుమన్నది, ఆ తర్వాత బొటనవేలంత లావు దార బిందెల పడ్డది. ఆ సప్పుడు వినంగనే ఆమె తిట్టేతందుకు తెరిచిన నోరు అట్లనే ఉంచుకున్నది. బిందె నిండింది, డ్రమ్ము నిండింది, బకెట్లు నిండినయి. పదిహేను నిమిషాలకు బక్కయ్య చెయ్యి లేపిండు. కింది ఇండ్లోళ్లు నల్లాలు కట్టేసిండ్రు. నడుమ ఇండ్లళ్ల మొదలైంది. ఆఖరుకు మీద. మోటర్లు ఏసే పని లేకుండనే లలితమ్మ సంపు ముప్పావు నిండింది. కారే పైపు బాగైంది, ఒకరి మీద ఒకరు గుంజుడు బంద్ అయింది, నీళ్లు అందరికి సరిపోయినయి.

నెల దాటింది. మళ్ల మోటరు ముచ్చట అమరేందర్ తియ్యలే. పైగా ఒక మీటింగుల "మా గల్లీల నీళ్ల పంపకం నేనే సెట్ చేసిన" అని చెప్పిండంట. షాజహాన్ బీ ఇని మండిపడ్డది. బక్కయ్య నవ్విండు. "చెప్పుకోనీ చెల్లె. ఊళ్లె గూడ పంట మంచిగ పండితే పటేలు పేరే, ఎండితే నీరటి పేరు."

ఆయన ఇండ్లకు పేర్లు గూడ పెట్టిండు. ఊరి మళ్ల పేర్లు. షాజహాన్ బీది కొస మడి. అంబ్రీన్‌ది ఇసుక మడి, ఎన్ని నీళ్లు పోసినా చాలవంటది కాబట్టి. నాది రాళ్ల మడి, ఎందుకని అడిగితే చెప్పలే. అమరేందర్‌ది పెద్ద మడి. "ఇసుక మడీ, ఇగ చాలు, కట్టెయ్" అని ఆయన అరిస్తే, "ఒక్క బకెట్ తాతా, ఒక్కటే!" అని అంబ్రీన్ లోపలికెళ్లి బతిలాడుడు మాకు నల్లా రోజు వినే పాట అయిపోయింది.

తర్వాత పక్క గల్లీలోళ్లు వచ్చిండ్రు. వాళ్లకు గూడ ఎత్తు పల్లాల లొల్లి ఉన్నది. మా నల్లా లేని దినం వాళ్లది. దాంతోని ఆయనకు ఖాళీ రోజు అన్నదే లేకుండపోయింది. నాలుగున్నరకు లేస్తడు, ఐదింటికి పైపు పొంటి ఒక సుట్టు నడుస్తడు, తడి ఉన్నదా చూస్తడు, ఆరింటికి వాల్వు, ఏడున్నరకు పంచాయితీలు. "సద్ది తినెటందుకు గూడ దొరుకుతలేడు ఈ మనిషి" అని దుర్గవ్వ ఇప్పుడు ఇంకో తీరు మొత్తుకునుడు మొదలుపెట్టింది. గని మొత్తుకునేటప్పుడు ఆమె మొఖం చూడాలె, ఎంత వెలుగో.

దసరా ముంగట లలితమ్మ ఒక పని చేసింది. కర్ర పట్టుకొని గల్లీ కింది కొస దాక దిగొచ్చింది, ఎనుక ఖాళీ గోనె సంచి పట్టుకొని అమరేందర్. షాజహాన్ బీ ఇంటి ముంగట ఆగి చెప్పింది:

"పంట నూర్చినంక కల్లం కాడ నీరటికి మేర కొలిచేది మా దిక్కు. ఇయ్యకపోతే మళ్ల ఏడు నీళ్లు అలుగుతయంటరు. తేండ్రి, తలా ఇన్ని బియ్యం పొయ్యుండ్రి. ఇది బిచ్చం గాదు, ఆయన వాటా."

సంచి కింది కొసకెళ్లి మీదికి పోయింది. షాజహాన్ బీ బిర్యానీ బియ్యం పోసింది. అంబ్రీన్ తవ్వ నిండ పోసి, మళ్ల ఒక పిడికెడు వేసింది. రంజిత్ మా గల్లీ గాకపోయినా ఇంటికెళ్లి తెచ్చిండు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ ఒక్క సంచిలనే. బక్కయ్య ఏడున్నడని చూస్తే నా దుకాణంల మిషన్ ఎనుక దాసుకున్నడు. "పంట ఏది బిడ్డా? ఏం పండిచ్చిన అని మేర తీసుకోవాలె?" అంటుండు. నేను చెయ్యి పట్టి బయటకు గుంజుకొచ్చిన. లలితమ్మ సంచి మీద చెయ్యి పెట్టి, "ఐదు నెలల నుంచి ఈ గల్లీల ఒక్క తిట్టు వినలే నేను. గింతకన్న పంట ఏం గావాలె?" అన్నది. ఆయన రెండు చేతులతోని ఆమెకు దండం పెట్టి సంచి భుజాన వేసుకున్నడు. మోయలేని బరువు. అయినా ఎవరిని ముట్టనియ్యలే.

ఆ బియ్యం ఏం చేద్దామన్నది దుర్గవ్వనే తేల్చింది. "మనిద్దరం తింటే ఏడాది, ఊరంత తింటే ఒక పూట. ఊరినే పిలుద్దాం" అన్నది. ఎర్రమడుగోళ్లు ఎక్కడెక్కడున్నరో ఫోన్లు చేసింది. వచ్చే ఆదివారం రెండు ఆటోలు, ఒక బొలెరో, బస్టాండు దిక్కుకెళ్లి నడుచుకుంట ఇంకో పది మంది. గల్లీ అడ్డంగ పరదా కట్టినం. అమరేందర్ ఇంటి ముంగట పొయ్యి, షాజహాన్ బీ చేతుల గంటె. అన్ని తీర్ల బియ్యం కలిపి వండితే అన్నం ఒక కాడ పలుకు, ఒక కాడ మెత్తగ. ఎవరూ ఒంక పెట్టలే.

ఊరు ఇడిసినంక మొదటిసారి ఒక్క కాడ కూడిన మనుషులు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకుంటుండ్రు. ఎర్రమడుగుల నిజం కొస మడి ఉండె మల్లేశంకు. ఆయనను తీసుకపోయి బక్కయ్య షాజహాన్ బీ పక్కకు కూసోబెట్టిండు. "చెల్లె, ఈయనది అసలు కొస మడి, నీది కొత్త కొస మడి. ఇద్దరు నన్ను తిట్టినోళ్లే" అన్నడు. ఇద్దరు ఒక్కసారే, "తిడితేనే గద వచ్చినయి నీళ్లు!" అన్నరు. ఇస్తార్ల ముంగట కూసున్నోళ్లందరు నవ్విండ్రు.

తిన్నంక మల్లేశం నిమ్మళంగ అడిగిండు, "బక్కన్నా, చెరువు యాదికొస్తలేదా?"

"రోజు వస్తది" అన్నడు బక్కయ్య. "నాలుగున్నరకు వస్తది. వచ్చి నన్ను లేపుతది. ఇంతకుముందు లేపి ఊకుండేది. ఇప్పుడు పనికి పంపుతుంది."

మల్లేశం సర్కారు కాలనీల ఉంటడు. అక్కడ నాలుగు వరుసల ఇండ్లు, ఒక్క ట్యాంకు, రోజు కొట్లాట. ఒకరి మొఖం ఒకరు చూసుకుంటలేరంట, ఒక్క ఊరోళ్లే అయ్యి. "నువ్వు వస్తే వింటరు బక్కన్నా. నీ మాట నలభై ఏండ్లు విన్నోళ్లే గద. బుధవారం వచ్చి రెండు రోజులుండు" అన్నడు.

బక్కయ్య చేతులు తుడుచుకొని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నడు.

"బుధవారం నాతోని గాదు మల్లేశం. బట్టి గల్లీ నల్లా ఆ రోజు. గురువారం పక్క గల్లీ. శుక్రవారం మళ్ల మాది. శనివారం రంజిత్ కొత్త వాల్వు వేస్తడంట, నేను లేకుంటే ఎట్ల? ఆదివారం పగటీలి వస్త. ముందుగాల మీ ట్యాంకు మూత తీసి పెట్టు, చూడాలె."

"చూసిండ్రా అక్కా!" అని దుర్గవ్వ పక్కనున్న ఆడోళ్లతోని అన్నది, మూతికి కొంగు అడ్డం పెట్టుకొని. "నాకు చెప్పకుండనే నా ఆదివారం గూడ తీసుకపోయిండు."

"నువ్వు గూడ రా" అన్నడు బక్కయ్య. "వాళ్లది నాలుగు వరుసలు ఇసుక మడే. ఒక్కని తోని గాదు."